ముండ్ల ఎలుక పిల్లల బేరం

పోయిన నెల తాండూరు వెళ్ళాను. వికారాబాద్‌లో మేము కొత్తగా కట్టుకున్న కొట్టుకు కింద పరవడానికి బండలు కావాలి. బండలు కోసి పాలిష్ పట్టే మిషన్ యజమాని నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, కానీ నా బేరాల సంగతి వాళ్ళ నాన్న దగ్గర విని ఉన్నాడు. నన్ను పాలిష్ చేసిన బండల దొంతర పక్కకు తీసుకెళ్ళి, "అక్కా, పైవి చూసి మీరు నమ్మరని నాకెరికనే. అడుగు బండ గుంజి చూపిస్త, జర ఆగుండ్రి," అని కూలీలను కేకేశాడు. నేను వద్దన్నాను. అడుగు బండ ముట్టవద్దు, పైనుంచి ఎన్ని కావాలో అన్ని తీసి బండికెత్తించమన్నాను. అతను నా మొహం వంక చూసి, "ఏందక్కా, పానం మంచిగ లేదా?" అని అడిగాడు. జ్వరమొస్తే తప్ప నేను సరుకు కింద వేలు పెట్టకుండా కొననని ఆ ఊళ్ళో నాకు పేరు. ఆ పేరు నాకు పదకొండో ఏట వచ్చింది. అడుగు బండ గుంజించడం కూడా ఆ యేడే మానేశాను.

మా నాయన తాండూరు గంజ్‌లో కందుల వ్యాపారి. గంజ్ అంటే ధాన్యం అమ్మే పెద్ద బజారు. మా ఇల్లు, కొట్టు, గోదాము ఒకే కప్పు కింద ఉండేవి. పొద్దున్నే నాయన తలుపు చెక్కలు ఒక్కొక్కటిగా తీసి గోడకు ఆనించేవాడు, గడప మీద నీళ్ళు చల్లేవాడు, గద్దె మీది తెల్లగుడ్డ దులిపి తానే పరిచేవాడు, ఇంకెవర్నీ పరవనిచ్చేవాడు కాదు. ఊదుబత్తి వాసన, గోనెసంచుల వాసన, కందుల పొట్టు ధూళి కలిసి ఒక వాసన అయ్యేది. ఇప్పటికీ కొత్త గోనెసంచి విప్పితే ముందు నాకు తుమ్ము వస్తుంది, తర్వాత నాయన గుర్తొస్తాడు. బడి లేనప్పుడల్లా నేను గద్దె చివర కూర్చునేదాన్ని. ఎదుటివాడు ధర చెప్పగానే నోరు తెరవకూడదనీ, సరుకు పైన మంచిది ఉంటుంది కాబట్టి చెయ్యి అడుగుదాకా పోవాలనీ అక్కడే నేర్చుకున్నాను. ఎదుటివాడికి అది ఎందుకు కావాలో అడగకూడదనీ కూడా అక్కడే నేర్చుకున్నాను. అడిగితే మనసు మెత్తబడుతుంది, మెత్తబడితే బేరం పోతుంది. నేను ఈ మూడూ అప్పజెప్పుతుంటే నాయన మీసాల కింద నవ్వుకునేవాడు.

తొలకరికి ముందు గోదాము నేల చెమ్మ పట్టిందని బండలు కొనడానికి వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్ళాడు. ఊరి బయట ఒక చిన్న బండల మిషన్, దాని వెనక తుప్పలు, రాళ్ళ గుట్టలు. ముసలి యజమాని పైబండలు చూపించాడు. నున్నగా ఉన్నాయి. నాయన తల ఊపబోతుంటే నేను అడ్డుపడ్డాను. "అడుగు బండ చూపియ్యి."

"అది గుంజితే దొంతరంత జారుతది బిడ్డా," అన్నాడు ముసలాయన.

"జారితే జారనియ్యి. కానరాని బండ ఎవరు కొంటరు?"

నాయన నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో మెరుపు చూసి నేను ఇంకాస్త ఉబ్బాను. కూలీలు గడ్డపార దూర్చి అడుగు బండను లేపారు. దొంతర ఒక పక్కకు ఒరిగి, దాని కిందున్న సందులోకి దబ్బున కూలింది. ఆ సందులో ఎండుటాకుల గూడు ఉంది. గూడు కాపాడుకుంటూ ముళ్ళు విప్పి ముడుచుకుని ఉన్న తల్లి మీద బండ పడింది. మా దిక్కు దాన్ని ముండ్ల ఎలుక అంటారు. ఏదుపంది కాదు, అది కుక్కంత ఉంటుంది, ఇది పిడికిలంత. తల్లి అక్కడికక్కడే పోయింది. దాని వెనక ఆకుల్లో నాలుగు పిల్లలు. గులాబి రంగు చర్మం, మూసిన కళ్ళు, కొబ్బరి పీచు కొసల్లాంటి తెల్లటి మెత్తని ముళ్ళు. అడుగు బండకు పగులు లేదు. పైవాటి కంటే మంచి బండ అది. ఆ మాట ముసలాయనే అన్నాడు, మెల్లగా. నాయన ఇంకొక్క మాట కూడా బేరమాడకుండా బండలు తీసుకున్నాడు. నేను పిల్లల్ని లంగా కుచ్చిళ్ళలో వేసుకుని ఇంటికి నడిచాను.

పప్పు డబ్బా అడుగున గోనె పట్టా, దాని మీద అమ్మ పాత చీర ముక్క, పక్కన గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా. అమ్మ పుట్టిల్లు కర్ణాటక దిక్కు. మామూలు కోపం తెలుగులో, అసలు కోపం కన్నడంలో వచ్చేది. ఆ రోజు కన్నడమే వచ్చింది. అయినా బర్రెపాలు కాచి, చల్లార్చి, చక్కెర వేసి ఇచ్చింది. నేను కలంలో సిరా పోసే గాజు ఫిల్లరు కడిగి, చుక్క చుక్క పోశాను. పిల్లలు ఆత్రంగా తాగాయి. కడుపులు గుండ్రంగా ఉబ్బితే నిండాయనుకుని సంబరపడ్డాను. కొట్లో చిన్న త్రాసు తెచ్చి రోజూ తూచేదాన్ని, ఒక పళ్ళెంలో పిల్ల, ఒక పళ్ళెంలో యాభై గ్రాముల గుండు. సరుకుగా తూస్తే బతుకుతాయో లేదో నాకు అర్థమవుతుందనుకున్నాను. మూడో రోజుకు నాలుగు పిల్లలూ గుండు కంటే ఇంకా పైకి లేచాయి, అంటే బరువు తగ్గాయి. నాలుగో రోజు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చల్లబడ్డాయి. వాటి కడుపులు మాత్రం అలాగే ఉబ్బి ఉన్నాయి.

వెనక సందులో మేకలు సాదే రజియా చాచీ గోడమీదినుంచి నా ఏడుపు విని వచ్చింది. డబ్బాలోకి తొంగి చూసి, వేలితో పిల్ల కడుపు నొక్కి, నన్ను చూసి తల కొట్టుకుంది.

"అల్లా! బర్రెపాలు పోసినవానే? దాంట్ల చక్కెర గూడ?"

"మస్తు తాగినయి చాచీ."

"తాగుతయి, ఎందుకు తాగయి? నువ్వు గూడ పెండ్లిల పాయసం తాగుతవ్, తెల్లారి పరేషాన్ అయితవ్. మేకపాలు పొయ్యి, నీళ్ళు కలిపి. చక్కెర ఒద్దు. ఇంకొకటి, తాగినంక వీటి కింద తడిగుడ్డతోని రాసినవా?"

రాయలేదు. తల్లి నాకితేనే అంత చిన్న పిల్లలకు ఒంటికి రెంటికి వస్తుందని నాకెవరూ చెప్పలేదు. చాచీ తన కొంగు కొస తడిపి, ఒక్కొక్క పిల్ల పొట్టకింద మెల్లగా రాసింది. కాసేపటికి చీర ముక్క మీద పచ్చటి మరక పడింది. ఆ మరకను చూసి మేమిద్దరం పెళ్ళి కుదిరినట్టు నవ్వాం. ఆ తర్వాత రెండు గంటలకోసారి పాలు, పాల తర్వాత తడిగుడ్డ. రాత్రిళ్ళు అమ్మ లేచేది. పొద్దున లేచాక మాత్రం, తాను నిద్రలో ఉండగా ఆ పని ఇంకెవరో చేసినట్టు విసుక్కునేది. మిగిలిన రెండు పిల్లలూ గుండును పైకి లేపడం మొదలుపెట్టాయి.

నేను బుద్ధి తక్కువ పని చేసింది అప్పుడే. కుల్కచర్ల దిక్కు నుంచి మాకు కందులు తెచ్చే బుగ్గప్ప అనే రైతు ఉండేవాడు. మధ్యాహ్నం నాయన లోపల అన్నం తింటుంటే నేను గద్దె మీద ఉన్నాను, డబ్బా నా పక్కన. బుగ్గప్ప డబ్బాలోకి వంగి చూశాడు. "కండ్లు తెరువలేదు గద ఇంక?" అని అడిగాడు. తెరవలేదన్నాను. "ఒకటి నాకియ్యి. మందుకు కావాలె. కండ్లు తెరువని పిల్లనే పనికొస్తది."

"అమ్మం," అన్నాను.

"అమ్మనోళ్ళు గద్దె మీద ఎందుకు కూసుంటరు?" అని నవ్వి, భుజం మీది రుమాలు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు. గంజ్‌లో పెద్ద బేరాలన్నీ అట్లాగే జరిగేవి. ధర నోటితో చెప్పరు. రుమాలు కింద ఎదుటివాడి వేళ్ళు పట్టి చెబుతారు, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా. కుదరకపోతే చెయ్యి గుంజుకుంటారు. కుదిరితే మొత్తం చెయ్యి పట్టి నొక్కుతారు. నాయన చేతిని అట్లా పట్టడం వెయ్యిసార్లు చూశాను. నా చెయ్యి మీద ఎవరూ అంతవరకు రుమాలు వెయ్యలేదు. బుగ్గప్ప రెండు వేళ్ళు పట్టాడు. నేను తల అడ్డంగా ఊపాను. మూడు పట్టాడు. నేను మొహం పక్కకు తిప్పి వీధిలోకి చూశాను, అచ్చం నాయనలాగా. అరుగు మీద కూర్చున్న రైతులు నవ్వడం మొదలుపెట్టారు. నాలుగు పట్టాడు. నేను ఆవలించాను. అయిదు వేళ్ళూ పట్టి మొత్తం చెయ్యి నొక్కగానే, గెలిచిన సంబరంలో నేనూ గట్టిగా నొక్కాను. రెండు వేళ్ళ దగ్గర మొదలైనవాణ్ణి అయిదుకు తెచ్చాను గదా! ఏం అమ్ముతున్నానో ఆ క్షణాన నాకు గుర్తు లేదు. బేరగాళ్ళకు పట్టే జబ్బు ఇది. నాకు ఇప్పటికీ పూర్తిగా నయం కాలేదు.

నాయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి బుగ్గప్ప అందరికీ చెప్తున్నాడు. "సేటూ, నీ బిడ్డ నీకంటె గట్టిది. ఇగో, అమాస నాటికి వస్త, ఒక పిల్ల నాది. అందాక ఈడనే ఉండని, సాదుడు నాకు రాదు."

నాయన నా వంక చూశాడు. నేను డబ్బా మీద చెయ్యి పెట్టి, "నేను ఆటకు నొక్కిన," అన్నాను.

"రుమాలు కింద ఆట ఉండదు బిడ్డా," అన్నాడు నాయన. "పట్టిన చెయ్యి ఇడిస్తె రేపటి సంది ఈ గద్దె మీద ఎవ్వడు కూసోడు. నువ్వమ్మినవ్, నువ్వే అప్పజెప్పు."

అమావాస్యకు ఇంకా పదమూడు రోజులున్నాయి. నేను నాయనతో బేరం పెట్టాను. అన్నం మానేస్తానన్నాను, ఆకలి నీదే అన్నాడు. బుగ్గప్పకు ఇంకేదైనా ఇద్దామన్నాను, అడిగింది ఇవ్వాలి అన్నాడు. అమ్మ కూడా నా పక్షాన ఒక రోజంతా మాట్లాడకుండా వడ్డించింది. నాయన మాట్లాడకుండానే తిన్నాడు. చివరికి దారి రజియా చాచీ చూపించింది. "ఆయన కండ్లు తెరువంది అడిగిండు గద? పిల్లలేమన్న కండ్లు మూసుకోనే పుట్టి కండ్లు మూసుకోనే చస్తయానే? తెరుస్తయి. జల్ది పెరగాలె, అంతే." ఆనాటి నుంచి నా ప్రాణమంతా ఆ నాలుగు కనురెప్పల మీదే. పొద్దున లేస్తూనే డబ్బా మూత తీసి చూసేదాన్ని. తెల్ల ముళ్ళ మధ్య నల్లవి మొలిచాయి, చెవులు లేచాయి, చిన్న చిన్న పళ్ళు ఫిల్లరు కొసను కొరుకుతున్నాయి. కళ్ళు మాత్రం కుట్టేసినట్టే ఉన్నాయి.

పళ్ళొచ్చాక పురుగులు పెట్టమంది చాచీ, అవి తింటే ఒళ్ళు తొందరగా వస్తుందని. మాది కోడిగుడ్డు కూడా రాని ఇల్లు. పురుగులెక్కడ తేవాలి? నాకు తట్టింది ఒక్కటే, కందులు. బస్తాలు దించుతున్న ప్రతి రైతునూ అడగడం మొదలుపెట్టాను, "నీ కందులల్ల పురుగు ఉన్నదా?" వ్యాపారి బిడ్డ పురుగు గురించి అడిగితే రైతుకు ఏం అర్థమవుతుంది? ధర కోతే. "పురుగా? అనంతగిరి పద్మనాభస్వామి మీద ఒట్టు, మా కందులల్ల పురుగన్నదే లేదు!" అని ఒకడు, "ఎవడు చెప్పిండు నీకు?" అని ఇంకొకడు. ఒక పెద్దాయన బస్తా మూతి విప్పి, గుప్పెడు కందులు నా ముందు పోసి, "చూసుకో, చూసుకో," అని మీదికొచ్చాడు. నేను బతిమాలుతున్నాను, "ఉంటే ఇయ్యి పెద్దనాయినా, పురుగే కావాలె నాకు." ఆయన భయపడి బండి వెనక్కి తిప్పుకుని పక్క కొట్టుకు పోయాడు. రెండు రోజులకు మా కొట్టు ముందు బండ్లు సగమయ్యాయి. నాయన నన్ను గద్దె మీదినుంచి దించేశాడు. అమావాస్యకు మూడు రోజుల ముందు వాన పడింది. సాయంత్రం దీపం చుట్టూ ఉసిళ్ళు ముసిరాయి. అమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని, "శివ శివా," అంటూ చేటతో వాటిని ఊడ్చి, నా డబ్బా దగ్గరకు తెచ్చింది. పిల్లలు కళ్ళు లేకుండానే వాసన పట్టి కరకర నమిలాయి.

అమావాస్య ముందు రోజు పెద్దపిల్ల కళ్ళు తెరిచింది, రెండు నల్లటి మిరియపు గింజలు. చిన్నది తెరవలేదు. తెల్లారి లేచి చూస్తే దాని కుడికన్ను సన్నగా విచ్చుకుంది, ఎడమది మూసే ఉంది. తడిగుడ్డతో అద్దాను, ఊదాను, మొక్కాను. ఎడమ కన్ను కదల్లేదు. వీధిలో బుగ్గప్ప చెప్పుల చప్పుడు వినిపించింది. చేతిలో మూత ఉన్న వెదురు బుట్ట. కొట్టు నిండా జనం. అతను డబ్బాలోకి వంగి, పెద్దదాన్ని పక్కకు నెట్టి, చిన్నదాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టాడు.

"ఒక కన్ను తెరిచింది," అన్నాను.

"ఒక కన్నే గద. సగం పనికొస్తది."

అతను దాన్ని బుట్టలో పెట్టాడు. అది ముడుచుకుంది. నాకు ఏడుపు రాలేదు, నోరు వచ్చింది. నాయన వైపు తిరిగి అందరూ వినేటట్టు అడిగాను. "నాయినా, చూపినప్పుడు ఎండిన కందులు, దించేటప్పుడు సగం బస్తా తడిసింది. నువ్వు తీసుకుంటవా?"

నాయన గద్దె మీది తెల్లగుడ్డ సర్దుకున్నాడు.

"చెప్పు. పోయిన వారం నువ్వే ఒక బస్తా వాపస్ తోలినవ్. చూపినట్టే అప్పజెప్పాలె అన్నవ్. ఈయనకు చూపింది రెండు కండ్లు మూసిన పిల్ల. చెయ్యి పట్టింది దానికే."

ఎవరో కిసుక్కుమన్నారు. నాయన లేచి బుట్ట దగ్గరికి వచ్చి, లోపలికి చూశాడు. తర్వాత, "తడిసిన బస్తా నేను తీసుకోను బుగ్గప్పా. నిన్ను తీసుకొమ్మని ఎట్లంట? బేరం తెగింది," అన్నాడు.

నేను బుట్టలోంచి పిల్లను లాక్కున్నాను. ముళ్ళు గుచ్చుకున్నాయి, పట్టించుకోలేదు. బుగ్గప్ప తిడతాడనుకున్నాను. అతను అరుగు మెట్టు మీద కూలబడి, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "మరి నా పిల్ల సంగతేంది సేటూ? నెల దినాల సంది దగ్గుతుంది, దగ్గి దగ్గి నీలమైతుంది. మా ఊరి మందుల ముసలోడు చెప్పిండు, కండ్లు తెరువని ముండ్ల ఎలుకను అమాస నాడు కాల్చి తేనెల నాకియ్యమని." అతని మనవరాలు. తల్లి లేదు. కోరింత దగ్గు. మందుకు అన్నాడు గానీ, ఆ పదమూడు రోజుల్లో నేను ఒక్కసారి కూడా అడగలేదు, మందెవరికి, నీకిది ఎందుకు అని. నాకు నేర్పింది అదే గదా. చేతిలో పిల్ల గుండె టకటకా కొట్టుకుంటోంది, ఎదురుగా ఒక తాత ఏడుస్తున్నాడు. ఇంత ఘోరంగా నేను ఏ బేరమూ గెలవలేదు.

నాయన తలుపు చెక్కలు మూయడం మొదలుపెట్టాడు. పట్టపగలు, కొట్టు నిండా రైతులుండగా. "లే బుగ్గప్పా. ఈ ఎలుకను కాలిస్తే దగ్గు పోదు. పిల్లను తోల్కరా, నేనొస్త. వికారాబాద్ దవాఖానకు పోదాం, సాయంత్రం రైలున్నది." ఆ సాయంత్రం పోయినవాళ్ళు వారం తర్వాత వచ్చారు. ఆ వారం కొట్టు మూసే ఉంది. నాయన దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. నేను ముగ్గురు పిల్లల తల్లినయ్యాక కూడా, మా ఇంట్లో ఎవరైనా దగ్గితే మాత్రం ఆయన అన్నం ముందు నుంచి లేచేవాడు.

ఇప్పుడైతే ఎవరైనా నాలుగు పిల్లలను చూస్తే ఫోన్‌లో ఫొటో తీసి, అడవి శాఖవాళ్ళకు చెప్తారు. ఏం పొయ్యాలో, ఏం పొయ్యకూడదో అరగంటలో తెలుస్తుంది. నాకు తెలిసేసరికి రెండు పోయాయి. ఆ రోజులే మంచివని నేను అనను. అప్పుడు కోరింత దగ్గుకు ఎలుకను కాల్చేవాళ్ళు, ఆటకు చెయ్యి నొక్కితే ప్రాణం అమ్ముడుపోయేది. కానీ తడిసిన బస్తా పోలిక విని తన గద్దె ముందే తాను ఓడిపోయే వ్యాపారి కూడా అప్పుడే ఉన్నాడు. ఇప్పుడు ధర ఫోన్‌లో కనిపిస్తుంది, రుమాలు కింద ఎవరి చెయ్యీ ఉండదు. నేను మాత్రం ధర చెప్పే ముందు ఎదుటివాణ్ణి, "నీకిది ఎందుకు?" అని అడుగుతాను. దీనివల్ల చాలా బేరాలు పోగొట్టుకున్నాను. మా ఆయన లెక్క ప్రకారం చాలా చాలా పోగొట్టుకున్నాను.

వానలు బాగా పడ్డాక, పిల్లలు రెండువందల గ్రాముల గుండును లేపాక, వదిలిపెట్టే రోజు వచ్చింది. నేను అనంతగిరి అడవిలో వదలాలన్నాను, చల్లగా ఉంటుంది, దేవుడు ఉంటాడు అని. చాచీ ఒప్పుకోలేదు. "అడవి నీకు మంచిగ అనిపిస్తది. వీటికి రాళ్ళు గావాలె, తుప్పలు గావాలె." ఆ రోజు రాకముందు నుంచే ఆమె చేతితో తినిపించడం ఆపించింది, మనిషి వాసన వస్తే పారిపోవాలని. అది నాకు అన్నిటికంటే కష్టమైంది. చివరి పది రోజులు డబ్బా దగ్గరకు పోయి, ముట్టకుండా తిరిగి వచ్చేదాన్ని.

పొద్దు వాలుతుండగా ఊరి బయట పాత రాళ్ళ గని అంచుకు వెళ్ళాం. నాయన, చాచీ, నేను. బుగ్గప్ప కూడా వచ్చాడు, మనవరాలిని భుజాన వేసుకుని. ఆ పిల్ల పేరు లక్ష్మి, ఏడేళ్ళు. ఒళ్ళు చిక్కి కళ్ళే మిగిలాయి, దగ్గు ఇంకా పూర్తిగా పోలేదు కానీ నీలం పోయింది. డబ్బా మూత తాను తీస్తానంది. నాకు ఇవ్వాలనిపించలేదు. ఇచ్చాను. పెద్దది గబగబా పరుగెత్తి తుప్పల్లోకి పోయింది, వెనక్కి చూడలేదు. చిన్నది బయటికి వచ్చి, లక్ష్మి కాళ్ళ ముందు ఆగి, ముళ్ళు లేపి, ఖఫ్, ఖఫ్ అని ఊదింది. భయపెట్టడానికి అవి చేసే చప్పుడు అది. లక్ష్మి వెనక్కి జరగలేదు. వంగి కూర్చుని విన్నది. అది రాళ్ళ సందులోకి దూరిపోయాక కూడా కాసేపు ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఇది గూడ నా లెక్కనే దగ్గుతుంది," అంది లక్ష్మి. తర్వాత మా నలుగురి మొహాలు ఒక్కొక్కటిగా చూసింది. "మరి దీనికి దగ్గొస్తే దేన్ని కాలుస్తరు?"

బుగ్గప్ప తల వంచుకున్నాడు. ఏ మాటకైనా మాట ఉన్న మా నాయన, గంజ్‌లో ఎవరికీ తగ్గని మా నాయన, ఆ పిల్లను ఎత్తుకుని ఊరి వైపు నడిచాడు.